క్రిస్మస్ పొద్దుటి క్యాసరోల్‌కి పైరెక్స్ గాజు గిన్నె

అమెరికాలో ఉంటూ క్రిస్మస్ రోజు పొద్దున చుట్టాల్ని, స్నేహితుల్ని టిఫిన్‌కి పిలిచేవాళ్ళు, ఆ పూటంతా పొయ్యి దగ్గర నిలబడి దోసెలు పోయడం ఇష్టం లేకపోతే, మూత ఉన్న పైరెక్స్ గాజు గిన్నె, 9×13 అంగుళాలది, తప్పకుండా కొనుక్కోండి. క్యాసరోల్ అంటే అన్నీ ఒకే గిన్నెలో వేసి, ఆ గిన్నెతోనే ఓవెన్‌లో కాల్చే వంటకం. ముందురోజు రాత్రే కాస్త గట్టిపడిన బ్రెడ్ ముక్కలు పరిచి, 8 గుడ్లు, 2 కప్పుల పాలు గిలక్కొట్టి పోసి, చీజ్, వేయించిన ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కొత్తిమీర చల్లి ఫ్రిజ్‌లో పెట్టేస్తే తెల్లారేసరికి బ్రెడ్ ఆ పాలన్నీ పీల్చుకుంటుంది. సాసేజ్ వేసేవాళ్ళు ముందే పూర్తిగా వేయించి వేయాలి.

గాజు కాబట్టి అడుగు ఎర్రబడిందో లేదో పక్కనుంచే కనిపిస్తుంది, నాకు బాగా నచ్చింది అదే. మాడి అంటుకున్న చీజ్ కూడా వేడి నీళ్ళలో నానితే వచ్చేస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెని అలాగే వేడి ఓవెన్‌లో పెట్టకండి, గాజు పగలొచ్చు. ముందు చల్లదనం పోనివ్వండి, ఈలోపు ఓవెన్‌ని 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వేడి చేసుకోండి. ప్లాస్టిక్ మూత తీసేసి ఫాయిల్ కప్పండి, చివర్లో అదీ తీస్తే పైన కరకరలాడుతుంది. దాదాపు 50 నిమిషాలు పడుతుంది, మధ్యలో థర్మామీటర్ గుచ్చితే 160 డిగ్రీలు చూపించాలి. చల్లదనం పోయేదాకా ఆగే తీరిక లేనివాళ్ళు మెటల్ ట్రే తీసుకోవడం మంచిది.