కవరు, కాగితం సంచి, గుడ్డ సంచి: మూడేళ్లు వాడి చెబుతున్న మాట

మాది రాజమండ్రి. 120 మైక్రాన్ల కంటే పలచని ప్లాస్టిక్ కవర్లు 2022 డిసెంబరు 31 నుంచి చెల్లవన్నారు. ఆ సంక్రాంతికే మా ఇంట్లో కవర్లు మానేసి కాగితం సంచులు మొదలుపెట్టాం. కాగితం మట్టిలో కలిసిపోతుంది కదా, ఇక బెంగ లేదనుకున్నాం.

రైతుబజారులో ఆకుకూరల మీద నీళ్లు చల్లుతూ ఉంటారు. రెండు తోటకూర కట్టలు, కిలో టమాటాలు వేసుకుని రోడ్డు దాటేలోపే సంచి అడుగు మెత్తబడి, అతుకు విడిపోయింది. టమాటాలన్నీ ఆటోల కిందికి దొర్లాయి. అప్పటినుంచి తడి తగలని సరుకులకే వాడాను. ఎంత జాగ్రత్తగా చూసుకున్నా ఒక్కో సంచి రెండుసార్లు, మహా అయితే మూడుసార్లు వచ్చింది.

ఇంగ్లండు పర్యావరణ ఏజెన్సీ 2011లో వేసిన లెక్కలోనూ ఈ మూడే ఉంది. భూతాపం వరకే చూస్తే, ఒకసారి వాడి పారేసే పలచటి కవరుతో సమానం కావాలంటే కాగితం సంచిని కనీసం మూడుసార్లు వాడాలి. అదే కవరును తర్వాత చెత్తబుట్టలో వేసి వాడుకుంటే ఏడుసార్లు. వాళ్లు తూచిన కవరు సుమారు 8 గ్రాములు, కాగితం సంచి 55. మా ఊరి పేపరు మిల్లుకు వెళ్లే సరుగుడు, సుబాబుల్ దుంగల లారీలు చూస్తే ఆ తేడా అర్థమవుతుంది. ఆ కలపను ఉడికించి గుజ్జు చేయాలి, కడగాలి, ఆరబెట్టాలి. నీళ్లూ కరెంటూ బాగా పడతాయి.

అలాగని కవరే మేలని నేననను. వీధిలో పడ్డ కవరు చేసే చేటు ఆ లెక్కలోకి రాలేదు. వానాకాలం ముందు మా వీధి కాలువలోంచి పారతో తీసిన బురద నిండా కవర్లే. కాగితం రెండు వానలకు నానిపోతుంది. కవరు చిరిగి ముక్కలవుతుందే కానీ పోదు. ఆవుల కడుపుల్లో చేరేదీ అదే.

బట్టల షాపులో గుడ్డ సంచి అని ఇచ్చేదాన్ని చూసి చాలామంది మోసపోతున్నారు. దాని అంచు పోగొకటి అగ్గిపుల్లకు పెట్టి చూశాను. నూలులా బూడిద కాలేదు, కరిగి పూసలా గట్టిపడింది. అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టికే. ఏడాదిన్నర ఎండలో దండేనికి వేలాడాక ముట్టుకుంటే పొడి రాలింది. ఆ పొడి పెరట్లో మట్టిలో కలిసిందంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

నాకు నిలిచింది మాత్రం మావారి పాత నూలు ప్యాంటుతో కుట్టించిన సంచి. కొత్త నూలు సంచిని 131 సార్లు వాడితేనే కవరుకు సమానమవుతుందని అదే అధ్యయనం చెప్పింది. పత్తి పండించి, వడికి, నేసేదాకా అంత ఖర్చుంది మరి. పాత ప్యాంటుకు ఆ ఖర్చు ఎప్పుడో అయిపోయింది. అందుకే నూలు సంచి కొనొద్దు, ఇంట్లో ఉన్న గుడ్డతో కుట్టించుకోండి అంటాను. నేను వాడినప్పుడల్లా క్యాలెండరు మీద గీత పెడుతున్నాను. 140 దాటాయి. పిడి ఒక్కసారే ఊడింది.

చేపలకు మూత ఉన్న స్టీలు గిన్నె తీసుకెళ్తున్నాను. పాత కవర్లు ఇంకా డబ్బాడున్నాయి, అవి పారేయలేదు. చెత్తబుట్టలోకి ఒక్కొక్కటే తీస్తున్నాను.