2023 సంగీతం: ఫోన్ స్పీకర్‌లో వింటే సగం పోతుంది

2023లో వచ్చినవాటిలో ముందుగా చెప్పవలసింది మన శాస్త్రీయ సంగీతాన్ని జాజ్‌తో కలిపే శక్తి బృందం ఆల్బమ్ 'దిస్ మూమెంట్' గురించే. 1977 తర్వాత ఆ బృందం చేసిన మొదటి స్టూడియో ఆల్బమ్ ఇది. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, జాకిర్ హుస్సేన్ తబలా, శంకర్ మహదేవన్ గాత్రం, గణేశ్ రాజగోపాలన్ వయొలిన్, సెల్వగణేశ్ కంజీర. మొత్తం ఎనిమిది ట్రాకులు. మొదటిదైన 'శ్రీనీస్ డ్రీమ్' మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్‌కు నివాళి. వినగానే గుండె పట్టేస్తుంది.

ఇందులో మనవాళ్లు ఆగి వినాల్సింది 'గిరిరాజ్ సుధా'. దానికి మూలం త్యాగరాజస్వామి బంగాళ రాగ కృతి 'గిరిరాజసుతా తనయ'. కచేరీల్లో దీన్ని దేశాది ఎత్తుగడతో పాడతారు. అంటే తాళం మొదలయ్యాక ఒకటిన్నర దెబ్బకు గాని సాహిత్యం అందుకోదు. 'గిరి' అన్నచోటే మొదటి దెబ్బ వేస్తే లెక్క తప్పుతుంది, తర్వాత వచ్చే లయ విన్యాసమంతా గజిబిజిగా తోస్తుంది. ముందు మామూలు కచేరీ పాఠాన్ని ఎనిమిది దెబ్బలు వేసుకుంటూ రెండుసార్లు విని, ఆపైన దీనికి రండి.

అదే ఏడాది జాకిర్ హుస్సేన్ వాయించిన 'యాజ్ వి స్పీక్' ఇంకో రుచి. బేలా ఫ్లెక్ బాంజో, ఎడ్గర్ మేయర్ డబుల్ బాస్, రాకేశ్ చౌరాసియా బాన్సురి (వేణువు). 2024 ఫిబ్రవరి గ్రామీల్లో రెండు ఆల్బమ్‌లూ గెలిచాయి. ఫోన్‌తో అసలు చిక్కు ఇక్కడే. డబుల్ బాస్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అంత కింది స్వరాన్ని ఫోన్‌లోని చిన్న స్పీకర్ పలికించలేదు. తబలా ఎడమది, అంటే డగ్గా, దాని గుమ్మనే మోతా చాలావరకు పోతుంది. మిగిలేది బాంజో టింగుటింగులే. వైరున్న హెడ్‌ఫోన్ మంచిది. లాస్‌లెస్, అంటే నాణ్యత ఏమాత్రం తగ్గించని ఆడియో పెట్టినా మామూలు బ్లూటూత్ దాన్ని మళ్లీ కుదించే పంపుతుంది. స్పాటిఫైలో క్వాలిటీని 'ఆటోమేటిక్'లో వదిలేస్తే సిగ్నల్ తగ్గినప్పుడల్లా నాణ్యతా తగ్గుతుంది. మీ ప్రీమియం ప్లాన్‌లో 'వెరీ హై', అంటే 320 కేబీపీఎస్ (సెకనుకు 320 కిలోబిట్లు) ఉంటే అది పెట్టుకోండి.

రాక్‌లో బాయ్‌జీనియస్ బృందం ఆల్బమ్ 'ద రికార్డ్'. మొదటి పాటలో వాద్యమే లేదు, ముగ్గురమ్మాయిల గొంతులే. నెమ్మదిగా ఉందని వాల్యూమ్ పెంచకండి, రెండో పాటలో గిటార్లు ఒక్కసారిగా మీద పడతాయి. ఆ తేడాలోనే అందముంది. షఫుల్‌లో వింటే యాప్ ఒక్కో పాట వాల్యూమ్‌ను విడిగా సరిచేస్తుంది కాబట్టి ఆ తేడా పలచబడుతుంది. వరసగానే వినండి.

తెలుగు సినిమాల్లో భీమ్స్ చేసిన 'బలగం' అన్నిటికన్నా పైన. రామ్ మిరియాల, మంగ్లి పాడిన 'ఊరు పల్లెటూరు'కు గీత రచయిత కాసర్ల శ్యామ్ జాతీయ పురస్కారం అందుకున్నారు. కోడికూతకు పల్లె 'ఒళ్లిరుసుకుంది' అన్న ఒక్క మాట చాలు. 'విరుచుకుంది' అని రాసుంటే ఆ తెలంగాణ వాసన ఉండేది కాదు. పతాక సన్నివేశంలో బుడగ జంగాల దంపతులు పాడిన 'తోడుగా మాతోడుండి'ని విడిగా కాకుండా సినిమాతోనే వినాలి. ఆ పాట సంగతులన్నీ ఆ ఇంటి మనుషులవి, కథ తెలియకపోతే సగం అందవు.

'బేబీ'లో విజయ్ బుల్గానిన్ బాణీలు బాగున్నాయి. పీవీఎన్ఎస్ రోహిత్ 'ప్రేమిస్తున్నా'కు జాతీయ పురస్కారం వచ్చింది, న్యాయమే. 'హాయ్ నాన్న'లో 'సమయమా' రాత్రిపూట తక్కువ వాల్యూమ్‌లో కూడా నిలబడుతుంది. అనురాగ్ కులకర్ణి, సితార గొంతులు మధ్య శ్రుతుల్లోనే ఎక్కువగా నడుస్తాయి. ఈ మొత్తంలో ఫోన్ స్పీకర్‌కు సర్దుకుపోయేది ఇదొక్కటే.