తేరు తిరిగే రాత్రికే చేరుకోండి: ధర్మసాగర్ అవతల అంతోనివారి పండుగ

పునీత అంతోనివారి పండుగ జూన్ 13న. హనుమకొండ జిల్లా ధర్మసాగర్ అవతల ఉన్న మా మేనత్త వాళ్ల ఊళ్లో కతోలిక విచారణ గుడి, అంటే ఆ చుట్టుపక్కల కతోలికులందరి చర్చి, ఆయన పేరు మీదే ఉంది. ఈసారి అమ్మను తీసుకుని ముందురోజే బయల్దేరాను. వచ్చే ఏడు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట ముందే చెప్పాలి. 13 పొద్దున పెద్ద పూజకు వచ్చి, భోంచేసి తిరిగి వెళ్లిపోతే పండుగ సగం కూడా చూడనట్టే. 12 రాత్రి ఊళ్లో ఉండేలా చూసుకోండి.

సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు 130 కిలోమీటర్ల పైచిలుకు. తెలంగాణ ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే ఎక్స్‌ప్రెస్ బస్సులో టికెట్‌కు డబ్బులు అక్కర్లేదు కాబట్టి అమ్మ బస్సే అంది. కానీ ఉప్పల్‌లో ఎక్కితే సీటు దొరకడం కష్టం. మోకాళ్ల నొప్పులతో అంతసేపు నిలబడలేవని చెప్పి రైలుకే ఒప్పించాను. రైలులో ఇంకో లాభం కూడా ఉంది. కాజీపేటలో దిగితే ఫాతిమానగర్ దగ్గరే. హనుమకొండ బస్టాండులో దిగినవాళ్లు మళ్లీ వెనక్కి రావాలి.

ఫాతిమామాత కథీడ్రల్ చూడకుండా ముందుకు పోవద్దు. 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనానికి, అంటే బిషప్ గారి పరిధిలోని ప్రాంతానికి, ఇదే ప్రధానాలయం. మధ్యాహ్నం వేళ లోపల నలుగురైదుగురికి మించి లేరు. అమ్మ అక్కడే కూర్చుని జపమాల చెప్పుకుంది. ఈ దారిలో నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. పోర్చుగల్‌లోని ఫాతిమాలో మరియతల్లి ముగ్గురు పిల్లలకు రెండోసారి కనిపించింది 1917 జూన్ 13న, అంటే సరిగ్గా అంతోనివారి పండుగ రోజు. ఆ పిల్లల్లో ఒకరైన లూసియా ఆ పండుగ సంబరం వదులుకుని అక్కడికి పోదనే వాళ్లమ్మ అనుకుందట. అంతోనివారిని మనం పాదువాపురి అంతోని అంటాం గానీ, ఆయన 1195లో పుట్టింది లిస్బన్‌లో. ఆయనదీ పోర్చుగలే. కాజీపేటలో ఫాతిమామాతకు దండం పెట్టుకుని అంతోనివారి పండుగకు వెళ్తుంటే ఆ రెండూ ఒకే యాత్ర అనిపిస్తుంది నాకు.

ఇక బస సంగతి. స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో గది తీసుకుని సామాన్లు పెట్టాం. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, ఫ్యాను బాగానే తిరిగింది. కానీ రాత్రి పదకొండు దాటితే గేటు తీయరని డబ్బు కట్టించుకున్నాక చెప్పారు. పండుగకు వచ్చినవాళ్లకు ఇది పనికిరాదు. వృద్ధులతో, చిన్నపిల్లలతో వచ్చేవాళ్లకు హనుమకొండే నయం. అక్కడ టూరిజం వాళ్ల హరిత కాకతీయ ఉంది, చౌరస్తా చుట్టూ లాడ్జిలూ ఉన్నాయి. నా ఓటు మాత్రం పండుగ జరిగే ఊళ్లోనే ఉండడానికి. చుట్టాలు లేకపోయినా ఫాదర్ గారికి ముందే ఫోన్ చేసి చెబితే గుడి పక్కన బడిలో చోటు ఇస్తారు. జూన్ 12నే బడులు తెరుస్తారు కదా. సాయంత్రం పిల్లలు వెళ్లగానే పెద్దపిల్లలు బెంచీలన్నీ వరండాలో పేర్చేసి, గదులు ఊడ్చి, చాపలు పరిచారు. మళ్లీ 13 రాత్రి వాటిని ఎక్కడివక్కడ సర్దింది కూడా వాళ్లే. దిండు, దుప్పటి, దోమల బత్తి మనమే తెచ్చుకోవాలి.

లాడ్జిలో సామాన్లు వదిలేసి మేం ఊరు చేరేసరికి నవదిన ప్రార్థనల్లో చివరి రోజు పూజ నడుస్తోంది. జెండా ఎక్కించిన రోజు నుంచి రోజూ సాయంత్రం ఒక్కో వాడ వాళ్లు పూజ బాధ్యత తీసుకున్నారు. పాటలు, పూలు, చివర్లో పంచే శనగలు, అన్నీ వాళ్లవే. నాకు ఈ ఏర్పాటు చాలా నచ్చింది. పండుగ ఎవరో పెద్దమనిషి ఖర్చుతో కాకుండా అందరి చేతుల మీదుగా జరిగింది.

పూజ అయ్యాక తేరు. ట్రాక్టర్ ట్రాలీకే బంతిపూలు, సీరియల్ బల్బులు కట్టి, మధ్యలో అంతోనివారి స్వరూపం నిలబెట్టారు. గోధుమరంగు అంగీ, చేతిలో బాలయేసు, తెల్లని లిల్లీ. ముందు డప్పులు, వాటి వెనక కోలాటం వేసే ఆడవాళ్లు, తర్వాత కొవ్వొత్తులు పట్టుకున్న జనం. ట్రాలీ మీద పదిహేనేళ్ల కుర్రాడొకడు పొడవాటి ఎండు వెదురు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. కిందికి వేలాడే కరెంటు తీగ వచ్చినప్పుడల్లా కర్ర కొనతో పైకెత్తుతాడు, తేరు దాటాక మెల్లగా వదులుతాడు. ఆ వాడలో అప్పటికి కరెంటు తీసేశారట, అయినా వాడి చూపు తీగల మీద నుంచి కదల్లేదు. ఇంటింటి ముందూ ఆగింది తేరు. గుడికి రానివాళ్లు కూడా గడప మీద నీళ్లు చల్లి, కొబ్బరికాయో పూలదండో ఇచ్చి దండం పెట్టుకున్నారు.

ఒక ఇంటి ముందు రైతొకాయన పత్తి విత్తనాల ప్యాకెట్లు పళ్లెంలో పెట్టుకుని వచ్చాడు. మృగశిర కార్తె వచ్చింది, ఒక వాన పడింది, రెండో వానకు విత్తుదామని చూస్తున్నాడట. ఫాదర్ గారు తేరు ఆపించి, తొందరపడకుండా ఆ పళ్లెం మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఆ కుటుంబమంతా చెప్పులు విడిచి నిలబడింది. అమ్మ కళ్లు తుడుచుకుంది.

“పొద్దుగాల పూజకే వచ్చేటోళ్లు మస్తుమంది బిడ్డా. రాత్రి తేరుకు ఉంటేనే పండుగ చేసుకున్నట్టు” అంది అత్తమ్మ. ఆమె మాట నిజం.

మర్నాడు పెద్ద పూజకు గుడి సరిపోక బయట షామియానా వేశారు. మైకు బాగా వినిపించింది. చెప్పులు బయట వదిలి కిందే కూర్చోవాలి. కూర్చోలేనివాళ్లకు గోడ పక్కన కుర్చీలు వేశారు గానీ అవి చాలా తక్కువ, తొందరగా వెళ్లండి. పూజ చివర్లో ఆశీర్వదించిన అంతోనివారి రొట్టె పంచారు. పేదల ఆకలిని తలుచుకుని పంచే రొట్టె అది. దాన్ని ఇంటికి తెచ్చి రాలేనివాళ్లకు పెట్టడం మా ఇంట్లో అలవాటు. ఆ తర్వాత భోజనాలు. బగారన్నం, కోడికూర, పచ్చిపులుసు, ఎంతమంది వచ్చినా లేదనకుండా వడ్డించారు. వేరే ఊళ్ల వాళ్లని, వేరే మతం వాళ్లని తేడా లేదు.

లోటు చెప్పకపోతే అన్యాయం. అంత జనానికి ఆడవాళ్ల మరుగుదొడ్లు రెండే. మధ్యాహ్నానికి వాటిలో నీళ్లు అయిపోయాయి. ఇంత చక్కగా పండుగ చేసేవాళ్లు ఒక నీళ్ల ట్యాంకర్ కూడా చెప్పుకుంటే ముసలివాళ్లకు ఎంతో సుఖం. చెత్త మాత్రం యువత అప్పటికప్పుడే ఎత్తేశారు.

తిరుగు ప్రయాణంలో వీలుంటే వెయ్యిస్తంభాల గుడి చూడండి, హనుమకొండలోనే కాబట్టి గంట చాలు. అమ్మ అలసిపోవడంతో మేం ఆగలేదు. పొద్దు గూకాక ఊరి నుంచి కాజీపేటకు ఆటోలు దొరకవు. వచ్చేటప్పుడే ఆటో అతని నంబర్ తీసుకుని, తిరుగు కిరాయి కూడా అప్పుడే మాట్లాడుకోండి.