విదేశీ అతిథులకు సిమ్ కొంటున్నారా? పాస్‌పోర్ట్ అడగని షాపులో కొనకండి

మా చిన్నమ్మాయి పెళ్లికి జర్మనీ నుంచి మావాడి ఆఫీసు స్నేహితులు వచ్చారు. భార్యాభర్తలు. పెళ్లి ఇక్కడ మహబూబ్‌నగర్‌లోనే. దానికి ముందు నాలుగు రోజులు హైదరాబాద్ చూస్తామన్నారు. ఆ నాలుగు రోజుల్లో ఒక సిమ్ కార్డు వల్ల వాళ్లు పడ్డ అవస్థ, మేం పడ్డ టెన్షన్ ఇంకెవరికీ రావద్దని ఇది రాస్తున్నాను. మా కాలనీలోనే నలుగురైదుగురి పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు. పెళ్లిళ్లకు, పండగలకు వాళ్ల స్నేహితులు రావడం మామూలైపోయింది. అందుకే పాలమూరు వాళ్లందరూ ఒకసారి చదవండి.

వాళ్ల విమానం తెల్లవారుజామున దిగింది. పెళ్లి పనుల్లో పడి నేను శంషాబాద్ వెళ్లలేకపోయాను. క్యాబ్‌లో హోటల్‌కు చేరి, మధ్యాహ్నం పక్క వీధిలోని ఒక మొబైల్ షాపుకు వెళ్లారట. షాపతను "నో ప్రాబ్లం, ఐదు నిమిషాల్లో ఆన్" అని సొరుగులోంచి ఒక సిమ్ తీసి, తనే ఫోన్‌లో వేసి ఇచ్చాడు. 1500 రూపాయలు తీసుకున్నాడు. బిల్లు ఇవ్వలేదు. పాస్‌పోర్ట్ చూడలేదు, వీసా అడగలేదు, ఫొటో తీయలేదు. ఇండియాలో పని ఎంత తొందరగా అయిపోయిందో అని ఆ సాయంత్రం వాళ్లు నాకు ఫోన్ చేసి సంతోషంగా చెప్పారు. నేనూ సంతోషపడ్డాను. కిందటేడు నేను కొత్త సిమ్ తీసుకున్నప్పుడు ఆధార్, వేలిముద్ర, ఫొటో అన్నీ అయ్యాకే ఇచ్చారు. మరి దేశం కాని దేశం వాళ్లకు ఏ కాగితం లేకుండా ఎలా ఇచ్చాడన్న ప్రశ్న నాకు తట్టనే లేదు.

మూడో రోజు గోల్కొండ వెళ్లారు. సాయంత్రం ఇంగ్లిష్‌లో జరిగే సౌండ్ అండ్ లైట్ షో చూసి బయటికి వచ్చేసరికి చీకటి పడింది. క్యాబ్ బుక్ చేద్దామని ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. కోట గోడల వల్లనేమో అనుకుని రోడ్డు మీదికి నడిచారు. అక్కడా అదే, 'నో సర్వీస్'. ఇంటర్నెట్ లేదు, మ్యాప్ లేదు. హోటల్ పేరు గుర్తుంది కానీ అది ఏ ఏరియాలో ఉందో నోటికి రావడం లేదు. అదృష్టం ఏమిటంటే ఆమె హ్యాండ్‌బ్యాగులో మా పెళ్లి పత్రిక ఉంది. దాని వెనక అచ్చు వేసిన నా నంబరు చూపించి, రోడ్డు పక్కన చాయ్ బండి అబ్బాయిని ఫోన్ అడిగారు.

రాత్రి ఎనిమిదిన్నరకు తెలియని నంబరు నుంచి నాకు ఫోన్. ఎత్తితే ఆమె గొంతు వణుకుతోంది. "అంకుల్, అంకుల్" అంటోంది తప్ప మాట సాగడం లేదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ చాయ్ బండి అబ్బాయే ఫోన్ తీసుకుని, "పరేషాన్ కాకండి సార్, అడ్రసు చెప్పండి" అని హోటల్ అడ్రసు రాసుకున్నాడు. తనకు తెలిసిన ఆటోలో ఎక్కించి, ఆటో నంబరు ఫొటో తీసి నాకు పంపాడు. వాళ్లు హోటల్‌కు చేరేదాకా రెండుసార్లు ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఆ అబ్బాయి మేలు మా ఇంట్లో ఎవరం మర్చిపోలేం.

పొద్దున్నే బస్సెక్కి ఆరాంఘర్‌లో దిగి హోటల్‌కు వెళ్లాను. ముగ్గురం కలిసి ఆ సిమ్ కంపెనీ సొంత స్టోర్‌కు పోయాం. అక్కడి అమ్మాయి నంబరు కొట్టి చూసి, "సార్, ఈ కనెక్షన్ ఈ పాస్‌పోర్ట్ మీద లేదు. వేరేవాళ్ల ఆధార్ మీద ఉంది, బ్లాక్ అయింది. మళ్లీ ఆన్ చేయడం కుదరదు" అంది. ఆ ఆధార్ ఎవరిదో చెప్పలేమంది. అది సరైనదే. అక్కడి నుంచి షాపుకు వెళ్తే అతను మా ముఖం మీదే "ఇది నేను అమ్మలేదు" అన్నాడు. చేతిలో బిల్లు లేనప్పుడు ఏమని వాదిస్తాం?

1500 పోతే పోయాయి, భయం దాని గురించి కాదు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మోసం చేసి గానీ, వేరొకరి పేరు పెట్టి గానీ సిమ్ తీసుకుంటే మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉంది. మా అతిథులకు ఏ పాపం తెలియదు. కానీ ఆ సిమ్ వాళ్ల ఫోన్‌లో ఉంది. ఆ నంబరుతో అంతకు ముందు ఎవరైనా ఏదైనా చేసి ఉంటే? భాష రాని ఊళ్లో వాళ్లు ఎవరికని సంజాయిషీ చెప్పుకుంటారు?

ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ తొలుస్తోంది. ఆ ఆధార్ ఎవరిది? రోడ్డు పక్కన గొడుగు వేసుకుని సిమ్‌లు అమ్మే వాళ్లలో కొందరు "వేలు సరిగ్గా పడలేదు, ఇంకోసారి పెట్టు పెద్దమ్మా" అంటారు చూశారా, ఆ రెండో వేలిముద్రతో ఇంకో సిమ్ తీసుకోవచ్చు. మన జిల్లా నుంచి బతుకుదెరువుకు ముంబైకో, దుబాయికో పోయిన వాళ్లవి, ఊళ్లో చదువు రాని ముసలివాళ్లవి ఇలా వాడుకుంటే వాళ్లకు తెలిసేదెట్లా? కేంద్ర ప్రభుత్వం సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మన నంబరు, దానికి వచ్చిన ఓటీపీ కొడితే మన పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో చూపిస్తుంది. నేను ఇంటికి రాగానే అందరివీ చూశాను. మా ఆవిడ పేరు మీద మాకు తెలియని నంబరు ఒకటి కనిపించింది! అక్కడే 'నా నంబరు కాదు' అని నొక్కి రిపోర్ట్ చేశాం. మీరూ ఇంట్లో అమ్మానాన్నలవి తప్పకుండా చూడండి.

సరైన సిమ్ ఎలా తీసుకోవాలో కూడా చెప్తాను, ఎందుకంటే ఆ రోజు అదే స్టోర్‌లో కొత్తది తీసుకున్నాం. ఒరిజినల్ పాస్‌పోర్ట్, వీసా ప్రింటు అడిగారు. అక్కడికక్కడే ఫొటో తీశారు. హోటల్ అడ్రసు రాసుకున్నారు. ఇక్కడి మనిషి నంబరు ఒకటి కావాలంటే నాది ఇచ్చాను, దానికి ఓటీపీ వచ్చింది. అందుకే మీ అతిథులతో మీరో, మీవాళ్లో ఎవరో ఒకరు వెంట ఉండండి. సిమ్ వెంటనే ఆన్ కాలేదు, కొన్ని గంటలు పట్టింది. వీసా గడువు దాకానే అది పనిచేస్తుంది. ఆలస్యమవుతుందని విసుక్కుని పక్క షాపుకు పోవద్దు. బయటి దేశంలోనే ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) కొనుక్కుని వచ్చేవాళ్లూ ఉంటారు. వాటిలో చాలావరకు డేటా మాత్రమే వస్తుంది, ఇండియా నంబరు ఉండదు. కాబట్టి ఓటీపీ అడిగే చోటల్లా ఇబ్బందే.

వీసా దగ్గర కూడా వాళ్లు మోసపోయారని ఆ రోజు మాటల్లో తెలిసింది. గూగుల్‌లో పైన కనిపించిన ఏదో ప్రైవేటు సైట్‌లో అప్లై చేశారట. వీసా వచ్చింది గానీ, అసలు ఫీజుకు దాదాపు మూడు రెట్లు కట్టారు. ప్రభుత్వ ఈ-వీసా సైట్ ఒక్కటే: ఇండియన్ వీసా ఆన్‌లైన్, చివర డాట్ జీవోవీ డాట్ ఇన్ ఉంటుంది. మీ పిల్లలకు ముందే చెప్పి, లింకు మీరే పంపండి. డబ్బు మార్చుకునేటప్పుడు రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉన్న చోటే మార్చి రసీదు తీసుకోమనండి. 2016 నవంబరులో రద్దయిన పాత 500 నోటుకు, ఇప్పటి నోటుకు తేడా వాళ్లకు తెలియదు, ఒకసారి చూపించండి. చార్మినార్, గోల్కొండ దగ్గర మనకు 25 రూపాయల టికెట్ వాళ్లకు 300 ఉంటుంది. అది మోసం కాదు, పురావస్తు శాఖ రేటే. ఎయిర్‌పోర్టుకు మెట్రో లేదు, పుష్పక్ బస్సులు ఉన్నాయి.

మీ ఇంట్లోనే దించుకుంటే మాత్రం ఒక పని మర్చిపోవద్దు. విదేశీయులు ఇంటికి వచ్చిన 24 గంటల్లోగా ఆ వివరాలు ఎఫ్ఆర్ఆర్‌వో (విదేశీయుల నమోదు చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు) సైట్‌లో నింపాలి. సీ ఫారం అంటారు. హోటల్ వాళ్లు వాళ్లంతట వాళ్లే నింపుతారు, ఇంట్లో ఉంటే ఆ బాధ్యత మనది. నాకూ ఈ సంగతి పెళ్లికి రెండు రోజుల ముందే తెలిసింది.

ఇంకొకటి. హోటల్ కార్డు, మీ నంబరు రాసిన కాగితం వాళ్ల జేబులో పెట్టండి. అత్యవసరానికి 112, పర్యాటకుల హెల్ప్‌లైన్ 1363 కూడా అదే కాగితం మీద రాయండి.

ఆ షాపు మీద పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చాం. బ్లాక్ అయిన సిమ్‌ను, ఫిర్యాదు కాపీని ఒక కవర్లో పెట్టి బీరువాలో ఉంచాను. సంక్రాంతికి మావాడి ఇంకో స్నేహితుడు వస్తున్నాడు. ఈసారి శంషాబాద్‌కు నేనే వెళ్తున్నాను.