తాతల నాటి ఇంటిని మ్యూజియం చేయాలంటే: ట్రస్టా, సొసైటీయా, సెక్షన్ 8 కంపెనీయా?

ఊళ్లో పేరున్న మనిషి కట్టించిన మండువా లోగిలి ఉంది. ఆయన కాగితాలు, పుస్తకాలు, వాడిన సామాను ఉన్నాయి. దాన్ని మ్యూజియంగా నిలబెడదామనుకున్న కుటుంబాలు మొదట అడిగేది ఒకటే: ట్రస్టు, సొసైటీ, సెక్షన్ 8 కంపెనీ (లాభం పంచుకోని కంపెనీ), ఈ మూడింటిలో ఏది మేలు? ఆడిటర్‌ను అడిగితే పన్నుల సంగతి చెబుతారు. కానీ పన్నుల్లో పెద్ద తేడా లేదు. సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే 12ఏబీ, దాతలకు పన్ను తగ్గింపునిచ్చే 80జీ రిజిస్ట్రేషన్లు (1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్లు) మూడింటికీ వస్తాయి. సీఎస్ఆర్ నిధులు (పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు) మనం సెక్షన్ 8 కంపెనీ పెడితేనే వస్తాయన్న మాట కూడా నిజం కాదు. ఆ రెండు రిజిస్ట్రేషన్లూ, మూడేళ్ల అనుభవమూ ఉంటే ట్రస్టుకూ, సొసైటీకీ ఇవ్వొచ్చు.

తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఇంటిని అమ్మే వీలు ఎవరి చేతిలో ఉంటుంది? బజారు మధ్యలోని పాత ఇంటికి కట్టడం కన్నా స్థలం విలువే ఎక్కువ. అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లు అడుగుతూనే ఉంటారు.

సొసైటీ పెట్టడం తేలిక. ఏడుగురుంటే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరవుతుంది, ఖర్చు స్వల్పం. ఊరివాళ్లను కలుపుకొని నడపడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. దాని బలహీనత కూడా సభ్యత్వంలోనే ఉంది. ఎన్నికల ముందు కొత్తగా చేరినవాళ్లు కార్యవర్గాన్ని మార్చేయగలరు. రెండు వర్గాలు రిజిస్ట్రార్‌కు రెండు జాబితాలిస్తే వివాదం జిల్లా కోర్టుకు పోతుంది, బ్యాంకు ఖాతా ఆగిపోతుంది. ఆ ఏడు వానలకు ముందు పెంకు తిరగవేయించేవాళ్లుండరు. కారిన నీళ్లు వాసాల్లో దిగుతాయి, తడి పట్టిన కలపకు చెదలు పడుతుంది. పాత ఇల్లు కోర్టు వాయిదాల కోసం ఆగదు.

సెక్షన్ 8 కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లు చాలు. లెక్కలు ఎవరైనా చూడవచ్చు కాబట్టి దాతలకు నమ్మకం. అయితే రాబడి లేకపోయినా ఏటా ఆడిట్ తప్పదు. లెక్కల ఫారం ఏఓసీ-4, వార్షిక వివరాల ఫారం ఎంజీటీ-7 ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు వంద రూపాయల అదనపు రుసుము. రోజుకు ఇరవై మంది వచ్చే మ్యూజియానికి ఇది బరువే. నాలుగైదు ఇళ్లను కలిపి నడిపే సంస్థకైతే సరిపోతుంది.

ఒక్క ఇంటికి మాత్రం నా మొగ్గు ట్రస్టు వైపే. రద్దు చేయడానికి వీల్లేని ట్రస్టు డీడ్ రాసి, అందులోకి ఇంటినే ఇచ్చేస్తే, దాని ఉద్దేశాన్ని మార్చే హక్కు తర్వాతి ట్రస్టీలకు ఉండదు. డీడ్‌లో ఇవి తప్పకుండా రాయండి: ఐదుగురు లేదా ఏడుగురు ట్రస్టీలు, కుటుంబం నుంచి ఇద్దరికి మించకూడదు, ఖాళీ పడితే అరవై రోజుల్లో భర్తీ చేయాలి, సంస్థ మూతపడితే ఆస్తి ఇలాంటి పనే చేసే మరో సంస్థకు పోవాలి. ట్రస్టు అంటే దేవాదాయ శాఖ వస్తుందని చాలామంది జంకుతారు. తెలుగు రాష్ట్రాల్లో 1987 దేవాదాయ, ధర్మాదాయ చట్టం గుళ్లకే కాదు, ధర్మ సంస్థలకూ వర్తిస్తుంది. అందులోని నిర్వచనం ధర్మ కార్యం కోసం ఏర్పడిన ఏ సంఘానికైనా సరిపోతుంది కాబట్టి, సొసైటీ అని పేరు పెట్టుకున్నంత మాత్రాన తప్పించుకున్నట్టు కాదు. పైగా ఆ చట్టం కింద స్థిరాస్తి అమ్మాలంటే కమిషనర్ అనుమతి కావాలి. ఇల్లు నిలవాలని కోరుకునేవారికి అది ఇంకో తాళం.

ఏ రూపం ఎంచుకున్నా, ఇల్లు కుటుంబం పేరునే ఉంచి పదకొండు నెలల అగ్రిమెంట్‌తో నడపడం అన్నిటికన్నా పెద్ద తప్పు. యజమాని వీలునామా లేకుండా పోతే వారసులందరికీ వాటా వస్తుంది. వారిలో ఒక్కరు పార్టిషన్ దావా వేసినా మ్యూజియం ఆగుతుంది. కాబట్టి ముందు ఈసీ (ఆ ఆస్తిపై నమోదైన లావాదేవీలు చూపే పత్రం) తీయండి. ఉమ్మడి ఆస్తి అయితే ఆడపిల్లలతో సహా హక్కుదారులంతా గిఫ్ట్ డీడ్‌పై సంతకం చేయాలి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత కూతుళ్ల సంతకం లేని దస్తావేజు నిలవదు. రిజిస్ట్రేషన్ అయ్యాక మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు మార్పించాలి.

పై అంతస్తులో కుటుంబం ఉండాలనుకుంటే ఆ భాగాన్ని దానంలో కలపొద్దు. డోర్ నంబరు, కరెంటు మీటరు వేరు చేయించండి. ట్రస్టు ఇంట్లో వ్యవస్థాపకుల బంధువులు అద్దె లేకుండా ఉంటే పన్ను మినహాయింపుకే ముప్పు.

ఉద్దేశాల్లో ‘సాంస్కృతిక, సామాజిక సేవ’ అని గుండుగుత్తగా రాయొద్దు. ‘చారిత్రక ప్రాధాన్యం గల ప్రదేశాలు, వస్తువుల పరిరక్షణ’ అని రాయండి. పన్ను చట్టంలో అది ప్రత్యేకమైన ధర్మ కార్యం. సాధారణ ప్రజోపయోగం కింద పడితే ఫీజులూ అమ్మకాల రాబడి మొత్తం వసూళ్లలో 20 శాతం దాటకూడదు. టికెట్లూ పుస్తకాల అమ్మకాలే ఆధారమైన చోట ఆ పరిమితి ఊపిరి ఆడనివ్వదు.

ఇక కార్పస్, అంటే కదల్చకుండా ఉంచి వడ్డీ మాత్రమే వాడుకునే మూలధనం. కాపలా, కరెంటు, పెంకు, గానుగ సున్నం, చెదల మందు కలిపి ఏటా ఆరు లక్షలవుతుందనుకుంటే, 6.5 శాతం వడ్డీకి దాదాపు 92 లక్షలు మూలధనం ఉండాలి. ధరలు పెరుగుతాయి కాబట్టి అది కనీసం మాత్రమే. దాత ‘ఇది కార్పస్‌కే’ అని రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటి మాట మీద ఆధారపడొద్దు. డబ్బు తక్కువని సున్నపు గోడలకు సిమెంటు పూత వేయించొద్దు. తేమ బయటికి పోయే దారి లేక గోడ లోపల్నుంచి గుల్లవుతుంది.

అమెరికా బంధువుల విరాళాల విషయంలో ఒకటే గమనిక: భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత పొదుపులోంచి ఇస్తే ఇబ్బంది లేదు, పౌరసత్వం మారినవాళ్లు ఇవ్వాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద అనుమతి కావాలి.

ప్రభుత్వానికో విశ్వవిద్యాలయానికో అప్పగించడం నాలుగో దారి. హైదరాబాద్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్ అలాగే హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చేరింది. కట్టడానికి రక్షణ దొరకొచ్చు. లోపల ఏం ఉండాలన్నది మాత్రం ఇక కుటుంబం చేతిలో ఉండదు.

ఏ దారైనా సామాను జాబితాను గిఫ్ట్ డీడ్‌కు జతచేయండి: నంబరు, కొలత, ఫోటో, దానమా అరువా అన్నది. నూరేళ్లు దాటిన వస్తువులూ, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులూ 1972 పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. అలాంటివాటిని జాబితాలో విడిగా చూపండి.