యాపిల్ మోజు, షావోమీ ప్రేమ, నాన్న నోకియా నమ్మకం: ఏది మేలు?

మా చెల్లెలి కూతురికి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. కాలేజీ సంగతి ఒక్క పూటలో తేలింది గానీ, ఫోన్ సంగతి వారం రోజులు నలిగింది. పిల్ల ఐఫోన్ అంటుంది. మా తమ్ముడు షావోమీ కాకుండా ఇంకోటి కొంటే డబ్బులు పారేసుకున్నట్టే అంటాడు. నాన్న స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన మనిషి. ఆయనది ఒకటే మాట: "గట్టిగా ఉండాలి, ఊళ్లో బాగుచేసేవాడు ఉండాలి." గాజువాకలో నాన్న ఇంటి వరండాలో కూర్చుని ముగ్గురి వాదనా విన్నాను. ఒక కంపెనీని ఇంటి మనిషిలా వెనకేసుకురావడం ఎక్కడ మొదలవుతుంది? అందులో కొనేవాళ్లకు మేలు చేసేది ఏ రకం అభిమానం?

నాన్న దగ్గర నోకియా 1100 ఉండేది. 2003లో వచ్చిన ఆ ఫోన్ ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడైంది. నెత్తిన టార్చి, దుమ్ము దూరని రబ్బరు మీటలు, ఒకసారి చార్జింగ్ పెడితే రోజుల తరబడి వచ్చే బ్యాటరీ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడింది. కరెంటు లేదు, కుళాయి నీళ్లు లేవు. మా స్మార్ట్‌ఫోన్లన్నీ మర్నాటికే ఆరిపోయాయి. అమ్మ ఆ నోకియా టార్చి వెలుగులోనే వంట చేసింది. సిగ్నల్ కాస్త తిరిగొచ్చిన రోజు ఇంట్లో మొదట మోగింది కూడా అదే. అవతల హైదరాబాద్ నుంచి మా అత్త, "అన్నయ్యా, అందరూ బాగున్నారా?" అని అడుగుతూనే ఏడ్చేసింది. ఆ తర్వాత నాన్న ముందు నోకియాను ఎవరూ ఒక్క మాట అనలేకపోయారు.

అయితే ఆ ఏడాది ఏప్రిల్‌లోనే నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అప్పగించేసింది. టచ్ ఫోన్ల కాలానికి తగ్గ సాఫ్ట్‌వేర్ సమయానికి తేలేకపోయింది మరి. మనవరాలితో వీడియో కాల్ మాట్లాడాలంటే నాన్నకూ వేరే ఫోన్ తప్పలేదు.

తమ్ముడి సంగతి వేరు. షావోమీ తన మొదటి ఫోన్ కన్నా ముందే, 2010లో, మియుఐ అనే సాఫ్ట్‌వేర్‌ను బయటపెట్టింది. దాన్ని మొదట వాడి చూసినవాళ్లు 100 మంది. ఫోన్ ఆన్ కాగానే తెర మీద వాళ్ల పేర్లు కనిపించేలా పెట్టారు. వాడేవాళ్లు చెప్పిన లోపాలు సరిచేసి వారం వారం అప్‌డేట్ ఇచ్చేవారు. మన మాట విన్న కంపెనీ మీద మమకారం పుట్టదా! మన దేశంలోకి 2014 జులైలో ఎంఐ 3తో వచ్చారు, ధర 13,999. ఆన్‌లైన్‌లో కాసేపే పెట్టే ఫ్లాష్ సేల్‌లో క్షణాల్లో అయిపోయేవి. తమ్ముడు మూడుసార్లు అవకాశం పోగొట్టుకుని నాలుగోసారి దక్కించుకున్నాడు. అంత కష్టపడి సంపాదించుకున్నదాన్ని బాగాలేదని ఎవరికి చెప్పబుద్ధవుతుంది?

దానికి ఊరి అభిమానం కూడా తోడైంది. షావోమీ మన దేశంలో తయారుచేయించిన మొదటి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్‌ను 2015 ఆగస్టు 10న మన విశాఖలోనే విడుదల చేశారు. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కంపెనీ బిగించిన ఫోన్ అది, ధర 6,999. తమ్ముడు ఇప్పటికీ ఆ రోజును సొంతింటి గృహప్రవేశంలా చెప్పుకుంటాడు.

ఈ ప్రేమలో ఒక చిక్కుంది. ఫోన్ సొంత యాప్‌లలో ప్రకటనలు వస్తుంటే, తమ్ముడు కంపెనీని అడగడు. వాటిని ఎలా ఆపాలో చుట్టాలందరికీ ఓపిగ్గా నేర్పిస్తాడు. వన్‌ప్లస్ అభిమానులదీ ఇదే కథ. 2014లో ఇన్విటేషన్ ఉంటేనే ఫోన్ అమ్మి, వాళ్లను తమవాళ్లని చేసుకున్నారు. 2021లో ఆ కంపెనీ తన ఫోన్ల సాఫ్ట్‌వేర్ ఆక్సిజన్ ఓఎస్‌ను ఒప్పో ఫోన్ల కలర్ ఓఎస్‌తో ఒకే కోడ్ మీదకు తెచ్చినప్పుడు మొదట మనసు కష్టపెట్టుకున్నది వాళ్లే.

ఇక ఐఫోన్. "షోకు తప్ప ఏముందే అందులో?" అంటాడు తమ్ముడు. నేను ఒప్పుకోను. 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు 2021లో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15 కూడా అందింది. ఆరేళ్ల నాటి ఫోన్‌ను కూడా తన బాధ్యతే అనుకోవడం ఆ రోజుల్లో ఆండ్రాయిడ్ కంపెనీలకు అలవాటు లేదు. రెండు అప్‌డేట్లిచ్చి చేతులు దులుపుకునేవి. పాత ఐఫోన్‌కు సెకండ్ హ్యాండ్ షాపులో మంచి ధర పలకడానికి ఇదీ ఒక కారణం. ఇది సంపాదించుకున్న నమ్మకం, మెచ్చుకోవాలి.

కానీ ఆ అభిమానంలో కొంత భాగం కంచె. యాపిల్ వాచ్ ఐఫోన్‌తోనే పనిచేస్తుంది. ఫొటోలన్నీ యాపిల్ ఆన్‌లైన్ నిల్వ ఐక్లౌడ్‌లో చేరాక బయటికి రావడం పెద్ద పని. అమెరికాలో పిల్లల్ని యాపిల్ సొంత మెసేజింగ్ ఐమెసేజ్ కట్టిపడేస్తుంది. మనకు ఆ ముడి లేదు, మన ఊసులన్నీ వాట్సాప్‌లోనే కదా. మా పిల్లను అడిగితే అసలు కారణం చెప్పింది: "పెద్దమ్మా, బీచ్‌కి వెళ్లినప్పుడు ఫ్రెండ్సంతా ఐఫోన్ నుంచి ఐఫోన్‌కి ఎయిర్‌డ్రాప్‌లో ఫొటోలు పంచుకుంటారు. నేనొక్కదాన్నే వాట్సాప్‌లో పెట్టండే అని అడుక్కోవాలి." ఆ మాట నా మనసుకు తగిలింది. పదిహేడేళ్ల పిల్లకు అది చిన్న బాధ కాదు. కానీ ఐఫోన్ 16 మన దగ్గర 79,900తో మొదలైంది. మా చెల్లెలు అనుకున్నది నలభై వేలు.

నేను తమ్ముడి పక్షానా, పిల్ల పక్షానా చేరలేకపోవడానికి నా సొంత అనుభవం ఒకటుంది. మా ఇల్లు పెదవాల్తేరులో, సముద్రానికి దగ్గర. నాలుగేళ్ల కిందట నా ఫోన్ చార్జింగ్ ఎక్కడం మానేసింది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కవరు కూడా తీయకుండా బోర్డు మార్చాలన్నారు. ఫోన్ ధరలో సగం అడిగారు. డాబాగార్డెన్స్‌లో ఒక చిన్న రిపేరు షాపుకు తీసుకెళ్లాను. ఆ అబ్బాయి మైక్రోస్కోపు కింద పెట్టి నన్నూ చూడమన్నాడు. చార్జింగ్ పిన్ లోపల సన్నటి పళ్ల మీద పచ్చగా చిలుము. "ఉప్పుగాలి మేడం, బీచ్ వైపు ఫోన్లన్నీ ఇంతే" అని బ్రష్‌తో కడిగి, పిన్ మార్చి, మూడు వందలు తీసుకున్నాడు. ఫోన్ మరో రెండేళ్లు పనిచేసింది. ఆ కంపెనీ ఫోన్ మాత్రం మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

అందుకే నేను చూసేది తప్పు జరిగినప్పుడు కంపెనీ ఎలా నిలబడుతుందని. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు కాలిపోయాయి. ఫోన్లన్నీ వెనక్కి తీసుకుని అమ్మకం ఆపేశారు. 2017 జనవరిలో బ్యాటరీల్లో లోపం ఎక్కడుందో అందరి ముందూ విడమరిచి చెప్పారు. జనం మళ్లీ నమ్మారు. 2024లో గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నారు. 2025లో మధ్యరకం ఏ56కు కూడా ఆరేళ్లన్నారు. పిక్సెల్ 8తో 2023లోనే గూగుల్ ఏడేళ్ల మాట ఇచ్చింది.

డబ్బు అడ్డు కాకపోతే, నాలుగేళ్ల చదువుకు ఐఫోన్ మేలే అంటాను. ఆ అభిమానానికి గట్టి ఆధారం ఉంది. తక్కువ డబ్బులో ఎక్కువ హంగులు కావాలంటే తమ్ముడి మాట వినొచ్చు, అప్‌డేట్లు ఎన్నేళ్లో అడిగి మరీ. మాకు నలభై వేలలో నాన్న లెక్కే నప్పింది. ద్వారకానగర్ వెళ్లి శాంసంగ్ ఏ56 తీసుకున్నాం. పిల్ల కాస్త ముభావంగానే ఉంది. తమ్ముడు బ్యాటరీ సామర్థ్యం చదివి పెదవి విరిచాడు. నాన్న మాత్రం ఇంటికి రాగానే బిల్లు వెనక పెన్నుతో "అప్‌డేట్లు 2031 వరకు" అని రాసి, బీరువాలో ఇంటి కాగితాల పక్కన పెట్టారు.