నాన్నగారి కోసం మూడు హోములు మారాక

మన వైపు నర్సింగ్ హోమ్ అంటే పురిటికి వెళ్ళే చిన్నాసుపత్రే. అందుకే పోయినేడాది నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయి, ఆసుపత్రి వాళ్ళు తిండి పోసే ముక్కుగొట్టంతోనే ఇక ఇంటికి తీసుకెళ్ళండి అన్నాక, మంచం పట్టిన మనిషిని నెలల తరబడి చూసే చోటు ఎక్కడుందని అడిగితే సగం మంది నాకు గైనిక్ డాక్టర్ల పేర్లు చెప్పారు. మిగతా సగం వృద్ధాశ్రమాల పేర్లు చెప్పారు. ఫోన్ చేస్తే అక్కడ మొదటి ప్రశ్నే "నడుస్తారా అండీ, బాత్‌రూమ్‌కి సొంతంగా వెళ్తారా?" అని. నడిస్తే మీ దగ్గరికెందుకు పంపుతామండీ! పెద్దవాళ్ళ కోసం పెట్టిన ఎల్డర్‌లైన్ ఒకటుంది, నంబరు 14567, డబ్బులు పడవు, పొద్దున్న 8 నుంచి రాత్రి 8 వరకు మాట్లాడతారు. ఇలా వెతుక్కునేవాళ్ళు అక్కడ కూడా ఒకసారి అడిగి చూడండి.

ఇంట్లో పెట్టుకోవచ్చు కదా అని బంధువులు అననే అన్నారు. నాకు బడి, అమ్మకి మోకాళ్ళు, తమ్ముడు కువైట్‌లో, నాన్నగారు 78 కిలోలు. ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

తొమ్మిది నెలల్లో మూడు చోట్లు మారాం. ఒకచోట డిపాజిట్ గొడవ ఇంకా తెగలేదు కాబట్టి ఏ పేరూ రాయడం లేదు.

మొదటిది భీమవరం వైపు. మూడంతస్తులు, లిఫ్టు, రిసెప్షన్‌లో ఇంత పొడుగు అక్వేరియం (భీమవరంలో చేపలకేం కొదవ), ప్రతి గదిలో ఏసీ, టీవీ. నెలకి 24 వేలు, డిపాజిట్ 50 వేలు. చూడగానే అమ్మకి తెగ నచ్చేసింది, నాకూ నచ్చింది, అబద్ధమెందుకు. మంచం పక్కన గోడకి ఒక చార్టు అంటించి ఉంది, ఒకే వైపు పడుకుని పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క తిప్పినట్టు టిక్కులు, కింద సంతకాలు. చూడండి ఎంత పద్ధతిగా ఉన్నారో అని తమ్ముడికి ఫోటో కూడా పంపించాను.

మూడో వారం అనుకుంటా, సాయంత్రం నాలుగింటికి వెళ్ళాను. నాన్నగారు వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఊరికే చార్టు వంక చూస్తే రాత్రి 8, 10, 12, 2 గళ్ళన్నిటికీ అప్పటికే టిక్కులు పడిపోయి ఉన్నాయి, సంతకాలతో సహా. ఇంకా రాని రాత్రికి! ఒంట్లో ఏదో జలదరించినట్టయింది, దుప్పటి తీసి ఆయాని పిలిచి పక్కకి తిప్పించాను. నడుం కింద, పిరుదులు మొదలయ్యే చోట, రూపాయి బిళ్ళంత పుండు. చుట్టూ నల్లగా ఉంది. డైపర్ ఎంతసేపటిదో తెలియదు, బరువెక్కి జారిపోయి ఉంది. సిస్టర్‌ని అడిగితే "షుగర్ ఉంది కదండీ, వాళ్ళకి వచ్చేస్తుందండీ" అంది, అని మధ్యలో కన్నం ఉన్న దిండొకటి తెచ్చి కింద పెట్టింది. మేనేజర్‌ని అడిగితే రాత్రి ఇరవై రెండు మందికి ఒకే ఆయా ఉంటుందని తేలింది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని గట్టు మీద గుడిసె వేసుకుని, నిద్ర మానుకుని ఏరియేటర్లు కనిపెట్టుకుని కూర్చునే జిల్లా మనది. రొయ్యకి రాత్రి కాపలా ఉంటుంది, మనిషికి లేదు.

అప్పట్నుంచి ఎక్కడికి వెళ్ళినా ముందు మడమలు చూడడం అలవాటైంది నాకు. మడమ మీదో తుంటి మీదో ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కి వదలండి. ఆ చోటు ఒక్క క్షణం తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఫర్వాలేదు. తెల్లబడకుండా ఎరుపు ఎరుపులాగే ఉండిపోయిందంటే లోపల కండ దెబ్బతినడం మొదలైనట్టే, వెంటనే ఆ వైపు బరువు తీసేయాలి. ఇది నాకు రెండో హోములో సిస్టర్ నేర్పింది. మొదటివాళ్ళిచ్చిన ఆ కన్నం దిండుని చూసి "ఇది చుట్టూ నొక్కేసి రక్తం రానివ్వదండీ, ఉన్నదాన్ని పెద్దది చేస్తుంది" అని తీసి పక్కన పడేసింది.

ఆ రెండోది రాజమండ్రిలో. 35 వేలు. డైపర్లు, గ్లౌజులు, దూది, ఫిజియో అన్నీ వేరే, అన్నీ కలిపితే 45కి తక్కువ ఏ నెలా రాలేదు, బిల్లులో ఒకసారి "సబ్బు 1" అని కూడా చూశాను. కానీ వైద్యం విషయంలో వంక పెట్టడానికి లేదు. ముక్కుగొట్టంలో ఫీడ్ పోసేటప్పుడు మంచం తలవైపు ఎత్తి కూర్చోబెట్టినట్టు ఉంచుతారు, అయ్యాక అరగంటపైన అలాగే ఉంచుతారు, పడుకోబెట్టి పోస్తే పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందని. మొదటిచోట వెల్లకిలా ఉండగానే పోసేవాళ్ళు, దగ్గు వస్తే "జలుబండీ" అనేవాళ్ళు, ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. ఇక్కడ రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే కూడా ఎత్తి, ఏ పక్కకి తిప్పి పడుకోబెట్టారో చెప్పేవాళ్ళు. పుండు మానడానికి రెండున్నర నెలలు పట్టింది.

గొట్టం తీసింది కూడా ఇక్కడే. మింగడం మళ్ళీ నేర్పించారు. నేను నీళ్ళతో మొదలుపెడతారనుకున్నాను, కాదట. పక్షవాతం మనిషికి పల్చటి నీళ్ళే ముందు పొరపోతాయట, నోట్లో పోయగానే గొంతు సర్దుకునే లోపు జారిపోతాయి కాబట్టి. చిక్కటి రాగిజావ స్పూనుతో కొంచెం కొంచెంగా, గడ్డం కిందికి వంచి మింగమని. మూడో వారానికి గిన్నెడు జావ తాగారు.

మరి ఎందుకు తీసుకొచ్చేశారంటే, డబ్బు ఒక కారణం. రెండోది, గొట్టం పోయాక ఆయనకి కావలసింది తిండి, మాట. అక్కడ రెండూ లేవు. ఉప్పు లేని కిచిడీ, మధ్యాహ్నమంతా ఎవరూ చూడని టీవీలో గొడవ గొడవగా వార్తలు. నలభై ఏళ్ళు రైస్ మిల్లులో గుమస్తా చేసిన మనిషి, అన్నం చూసి ఏ రకం ధాన్యమో చెప్పేవారు, ఆయన గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. పాలకొల్లు నుంచి నేను వారానికి ఒకసారి వెళ్ళడమే గగనం.

ఇప్పుడున్నది చించినాడ వంతెన దాటి, కోనసీమలో కొబ్బరితోట మధ్య పెంకుటిల్లు. తొమ్మిది మందే. 18 వేలు, డైపర్లు మనం కొనివ్వాలి. బోర్డు సరిగ్గా లేదు, చార్టు అసలే లేదు. రాత్రి ఆయా కొంగులో ఒక బటన్ ఫోన్ ఉంటుంది, రెండు గంటలకోసారి అలారం మోగుతుంది, లేచి తిప్పాల్సిన నలుగురినీ వరసగా తిప్పేసి మళ్ళీ పడుకుంటుంది. మొదటి వారం నేను అక్కడే ఉండి చూశాను. "తాతగారండీ, ఇటు తిరుగుదామండీ, ఆయ్, అలాగండీ" అంటూ, ముందు ఆయన మోకాలు మడిచి, భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి, లాగకుండా దొర్లించింది. తర్వాత మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, మడమలు పరుపుకి ఆనకుండా పిక్కల కింద మడత దుప్పటి వేసింది. ఇదంతా ఎవరు నేర్పారని అడిగితే వాళ్ళత్తగారిని ఆరేళ్ళు చూసిందట.

తిండి సంగతి చెప్పాలంటే మెత్తటి అన్నం, పలచగా కాకుండా చిక్కటి పప్పు, ఒకరోజు కందా బచ్చలి మెదిపి పెట్టారు. అదే రోజు నాన్నగారు ముద్ద నోట్లో ఉండగా ఆయా వైపు చూసి "స్వర్ణ" అన్నారు. ఆవిడ తన పేరు కాదండీ అంది. బియ్యం గురించండీ ఆయన చెప్పింది! మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన రకం అది, 1982లో వచ్చింది, ఆయన మిల్లు జీవితం సగం ఆ బస్తాల మీదే గడిచింది. నాలుగు నెలల్లో తిండి గురించి ఆయన అన్న మొదటి మాట అదే.

అయితే ఇది స్వర్గమేం కాదు. డాక్టర్ వారానికి ఒకసారే వస్తాడు, సిస్టర్ పగలు మాత్రమే. ఒక తెల్లవారుజామున షుగర్ పడిపోయి ఒళ్ళంతా చెమటలు పట్టేస్తే ఆయా పంచదార నీళ్ళు చిక్కగా కలిపి స్పూనుతో పట్టి, తర్వాత నాకు ఫోన్ చేసింది. ఈసారికి మింగగలిగారు కాబట్టి సరిపోయింది, స్పృహ లేని మనిషికి నోట్లో ఏదీ పోయకూడదు, నేరుగా 108కే చేయాలి. ఆ మాట పెద్ద అక్షరాలతో రాసి వంటింట్లో అంటించి వచ్చాను. వర్షాల్లో ఒకరోజు రాత్రి కరెంటు పోయి, పుండ్లు పడకుండా వేసే మోటారు గాలి పరుపు చప్పగా దిగిపోయింది, చూస్తే ఇన్వర్టర్ లైన్ లైట్లకీ ఫ్యాన్లకే ఉంది, పరుపు మోటారుకి లేదు. చెప్పిన మర్నాడే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కలిపించారు. మొదటి హోములో ఇదే అడిగి ఉంటే మేనేజర్‌కి మెయిల్ పెట్టమనేవాళ్ళు.

ముక్కుగొట్టం, యూరిన్ గొట్టం, మానని పుండు ఉన్న మనిషినైతే నేను ఇక్కడికి తీసుకురాను, రాజమండ్రి లాంటి చోటే వెతుక్కోండి, అప్పు చేసైనా సరే. అవన్నీ తీరాక అక్కడ డబ్బు పోయడం మాత్రం దండగ. ఏదైనా సరే చేర్చేముందు రాత్రి తొమ్మిది దాటాక చెప్పకుండా ఒకసారి వెళ్ళండి. గేటు తీయం అంటే వెనక్కి వచ్చేయండి.

ఇక్కడ నాకు నచ్చనిది పెరట్లో బాత్‌రూమ్. గచ్చు పాచి పట్టి జారుతోంది, ముగ్గురు నలుగురు కర్రతో నడిచే ముసలివాళ్ళు వాడతారు దాన్ని. రెండుసార్లు చెప్పాను, చేయిస్తామండీ అన్నారు. పోయిన ఆదివారం నేనే బ్లీచింగ్ పట్టుకెళ్ళి కొబ్బరి చీపురుతో గీకి కడిగి వచ్చాను. పట్టుకోవడానికి గోడకి రాడ్డు ఇంకా వేయలేదు.